గంటకి పది సెకన్లు

ఆ చలికాలం మొదలయ్యేనాటికి నేను మూడు అబద్ధాల మీద దుకాణం నడుపుతున్నాను. "స్పేర్లు దొరకడం లేదండీ" అనేది మొదటిది. "ఈ కంపెనీ వాచీలు నేను విప్పను" అనేది రెండోది. మూడోది ఇంట్లోవాళ్ళకి చెప్పేది: "ఈ రోజుల్లో వాచీ ఎవడు పెట్టుకుంటున్నాడు, అందరూ ఫోన్లోనే టైము చూసుకుంటున్నారు." మూడోదాంట్లో కాస్త నిజం కూడా ఉంది కాబట్టి దాన్ని తెగ వాడేవాణ్ణి.

అసలు సంగతి నా కళ్ళు. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమయ్యేది. చుట్టుపక్కలంతా బాగానే ఉండేది, నడుమ మాత్రం ఎవరో తడి బొటనవేలితో అద్దాన్ని రుద్దినట్టు ఒక మరక. గోడ గడియారం చూస్తే అంచున అంకెలు కనబడేవి, మధ్యలో ముళ్ళు ఉండేవి కావు. మా ఆవిడ ముఖం చూస్తే చెవులూ జుట్టూ కనబడేవి, ముక్కూ నోరూ ఉండేవి కావు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత చిన్న మరలు బిగిస్తూ ముప్పై ఎనిమిదేళ్ళు బతికినవాణ్ణి. నాకే రావాలా ఈ రోగం అని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, దుకాణానికి వచ్చినవాళ్ళ మీద తెచ్చుకునేవాణ్ణి.

ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే కంటాసుపత్రికి వెళ్ళొచ్చాను. డాక్టరమ్మ చిన్న పిల్ల. అయినా మొహమాటం లేకుండా చెప్పింది. "కంటి వెనక పొరలో నడిమి భాగం దెబ్బతింటోంది. ఎడమ కన్నులో పోయింది తిరిగి రాదు. కుడి కన్ను ఇంకా కొంత ఉంది. సూదిమందు వేస్తే ఉన్నది నిలబడే అవకాశం ఉంది. ఆలస్యం మాత్రం చేయకండి. ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళని తీసుకురండి."

అన్నిటికీ తల ఊపాను. ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. ఆసుపత్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దుకాణంలో ఉన్న పెద్ద గోడ గడియారం పెట్టెలో, లోలకం వెనక దాచేశాను. దానికి గొప్ప కారణమేం లేదు. భయమేసింది. చూపు లేని వాచీ మెకానిక్‌ని జనం ఏమీ అనరు, మర్యాదగా పక్క దుకాణానికి వెళ్ళిపోతారు. ఆ మర్యాదే నేను భరించలేననుకున్నాను.

రెండు వారాలు పోయాక మా అమ్మాయి ఒక ట్రాలీ ఆటో తెచ్చి దుకాణం ముందు ఆపించింది.

మా అమ్మాయి రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పగలంతా మైక్రోస్కోపులో కంటికి ఆనని వాటిని చూస్తుంది, సాయంత్రమైతే టెలిస్కోపులో అందనివాటిని చూస్తుంది. ఊళ్ళో చుక్కలు చూసే పిచ్చి ఉన్నవాళ్ళు పదిహేను మంది కలిసి పెట్టుకున్న సంఘానికి కార్యదర్శి. నెలకి రెండు శనివారాలు పంపుహౌస్ వెనక మైదానంలో టెలిస్కోపులు నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఆకాశం చూపిస్తారు. మా ఆవిడ మాత్రం పెళ్ళి సంబంధాలవాళ్ళు అడిగితే, "మా అమ్మాయి సాయంత్రాలు బిజీ అండీ, చుక్కలకి డ్యూటీ" అనేది.

ఆటోలోంచి ఇద్దరు మనుషులు పట్టుకుని దించింది ఒక ఇత్తడి యంత్రం. మూసేసిన కాలేజీ ఒకటి తన సామాన్ల గదిలో పడున్న పాత టెలిస్కోపును వీళ్ళ సంఘానికి ఇచ్చేసిందట. గొట్టం బాగుంది, అద్దాలు బాగున్నాయి, దాన్ని తిప్పే యంత్రం బిగుసుకుపోయింది.

"తిప్పడమెందుకు? చుక్కలు ఎక్కడికి పోతాయి?" అన్నాను.

"అవి పోవు నాన్నా, మనమే తిరుగుతున్నాం కదా. టెలిస్కోపు కదలకుండా ఉంటే చూస్తుండగానే చుక్క పక్కకి జారిపోతుంది. ఈ యంత్రం భూమికి ఎదురు తిరుగుతూ దాన్ని అక్కడే నిలబెడుతుంది. రెండు నెలల్లో తోకచుక్క వస్తోంది. పేపర్లో వేశారు. వందలమంది వస్తారు. యంత్రం లేకపోతే లైన్లో పదో మనిషికి కనబడేది ఖాళీ ఆకాశమే."

"అయితే?"

"అయితే ఏముంది, ఇది గడియారమే నాన్నా. కాస్త పెద్దది. నువ్వు కాక ఎవరు చేస్తారు?"

ఆ మాటతో దాన్ని నా బల్ల మీద పెట్టించింది. నా దగ్గరున్న మూడు అబద్ధాల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు.

* * *

పనికి ముందు టెలిస్కోపు ఎలా వాడతారో చూడాలని ఆ శనివారమే నన్ను మైదానానికి లాక్కెళ్ళింది. మా ఆవిడ ఫ్లాస్కులో టీ పట్టుకుని వెంట వచ్చింది. పొద్దు గుంకి గంటయింది. మైదానం పక్కన వీధి దీపాలు మూడు వెలుగుతున్నాయి. సంఘంలో ఒక లైన్‌మాన్ ఉన్నాడు, సంఘానికి ఆయువుపట్టు అతనే. పై ఆఫీసరు ఇచ్చిన అనుమతి కాగితం జేబులో పెట్టుకుని వచ్చి, స్తంభం దగ్గర పెట్టె తాళం తీసి, మూడు దీపాలూ ఆర్పేశాడు. "చూసుకోండి బాబాయ్ గారూ, రెండు గంటలు ఆకాశం మనదే" అన్నాడు.

సంఘానికి అధ్యక్షుడు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేలాడేసుకుని ఉండేవాడు. తెల్ల వెలుగు పడితే చీకటికి అలవాటు పడిన కళ్ళు మళ్ళీ మొదటికి వస్తాయట, అందుకని అక్కడ అందరి టార్చీలకీ ఎర్ర కాగితమే. ఆయన తూర్పున ఇంటి కప్పుల మీద అప్పుడే లేచిన ఒక చుక్కని చూపించి, తన చేతి గడియారం చూసుకుని, "నిన్నటికంటే నాలుగు నిమిషాలు ముందే వచ్చాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ వాచీకి ఆర్నెల్ల కిందట నూనె వేసింది నేనే. వాచీ తప్పు నడుస్తోందని నలుగురిలో నన్ను అంటున్నాడనుకుని పట్టించుకోనట్టు నిలబడ్డాను. ఆ మాట అప్పుడే బుర్రకి ఎక్కించుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

వాళ్ళకి ఒక పెద్ద పుస్తకం ఉంది. ఏ రోజు ఎవరు ఏం చూశారో టైముతో సహా అందులో రాసి సంతకం పెట్టాలి. మొదటి పేజీలో మాస్టారు తన చేత్తో రాసిన నియమం ఒకటే ఉంది. అమ్మాయి నాకు చదివి వినిపించింది. "చూసిందే రాయాలి. కనబడకపోతే కనబడలేదనే రాయాలి."

"ఎందుకంటే నాన్నా, పక్కవాళ్ళు బ్రహ్మాండం అంటుంటే మనకీ కనబడిందనిపిస్తుంది. అది చూడడం కాదు."

ఆ రోజు శనిగ్రహం పెట్టారు. నా వంతు వచ్చింది. వంగి కుడి కన్ను ఆనించాను. నల్లటి గుండ్రం, అంచున ఒకటి రెండు చుక్కలు. గ్రహం ఉండాల్సిన చోట నా మరక కూర్చుని ఉంది. వెనక మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుగా పిలుస్తుంటే ఇప్పటికి వచ్చిన తండ్రిని నేను.

"అబ్బ, బాగుందే" అన్నాను.

"వలయం కనబడిందా?"

"కనబడకపోవడమేంటి."

పుస్తకం నా ముందు పెట్టింది. చీకట్లో అక్షరాలు ఎవరికీ సరిగ్గా కనబడవు కాబట్టి నా కష్టం ఎవరికీ తెలియలేదు. "శనిగ్రహం. వలయం చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. నాలుగో అబద్ధం. మిగిలిన మూడూ నోటి మాటలు, గాలికి పోతాయి. ఇది కాగితం మీద ఉంది. ఇంటికి నడుస్తుంటే అమ్మాయి హుషారుగా కబుర్లు చెబుతూనే ఉంది, నేను మాత్రం దొంగసొమ్ము జేబులో ఉన్నవాడిలా నడిచాను.

* * *

యంత్రాన్ని విప్పడం మొదలుపెట్టాక నాకే ఆశ్చర్యమేసింది. దానికి కళ్ళతో పెద్ద పని లేదు. వాచీ మర ఐతే ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది, ఇది గుప్పెడేసి ఇత్తడి. ఒక బరువు తాడు మీద నెమ్మదిగా దిగుతుంటే పళ్ళచక్రాలు తిరుగుతాయి, తిరిగే వేగం మించకుండా రెండు గుండ్లు గిరగిర తిరుగుతూ దాన్ని పట్టి ఉంచుతాయి. ఎండిపోయిన నూనె జిగురులా పట్టేసింది, అంతే రోగం. ఒక్కొక్క చక్రం తీసి, కిరోసిన్‌లో నానబెట్టి, వేలి కొసతో తడిమి, గోరుతో గీరి చూసుకున్నాను. అరిగిన చోటు వేలికి తెలిసిపోయేది. ఇరుసు వంకర చెవికి తెలిసిపోయేది.

మధ్యాహ్నం మా ఆవిడ భోజనం తెచ్చి, నేను తిన్నాక కూడా కూర్చునేది. అంతకుముందు క్షణం నిలబడేది కాదు. బల్ల మీద ఉన్న రిపేరు చీటీలు తీసి, అడగకుండానే పైకి చదివేది. "ఇది కాంట్రాక్టరుగారి గోడ గడియారం, గంటలు తప్పు కొడుతోందట. ఇది నర్సమ్మ అలారం." ఏం పనీ లేదా నీకు అని కసిరితే, "తోచక చదువుకుంటున్నాను, మీకేం పోయింది" అనేది. నాకు లోపల హాయిగా ఉండేది, పైకి విసుక్కునేవాణ్ణి.

మూడు వారాలకి యంత్రం కదిలింది. ఇక వేగం కట్టాలి, అంటే సరైన లెక్కకి తిరిగేలా సర్దాలి. టెలిస్కోపుని తిప్పే పెద్ద చక్రానికి రెండువందల ఎనభై ఎనిమిది పళ్ళు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని వేలితో మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ చక్రం భూమిలాగే రోజుకి ఒక్క చుట్టు తిరగాలి. రోజుకి ఇరవై నాలుగు గంటలు, కాబట్టి ఒక్కో పన్నుకి ఐదు నిమిషాలు. చుట్టుకో పన్నుని నెట్టే మరచుట్టు గంటకి పన్నెండుసార్లు తిరగాలి. చిన్నపిల్లలు కూడా చేసే లెక్క. మరచుట్టు మీద ఆకురాయితో చిన్న గంటు పెట్టాను. వేలు ఆనించి కళ్ళు మూసుకుంటే, గంటు వచ్చి తగిలినప్పుడల్లా ఒక చుట్టు. టిక్కుటిక్కులు లెక్కపెట్టడానికి గోడ మీద పెద్ద గడియారం ఉంది. దాన్ని రోజూ రేడియో టైముతో సరిపెడతాను, వారానికి సెకను కూడా తేడా రాదు. లోలకం వెనక ఆసుపత్రి కాగితం ఉన్నా దాని పని అది చేసుకుపోయేది.

తొమ్మిది రోజులు సర్దాను. తొమ్మిదో రోజు గంటు పన్నెండోసారి వేలికి తగలడం, గోడ గడియారం గంట కొట్టడం ఒక్కసారే జరిగాయి. మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే. బల్ల మీద తలవాల్చి కాసేపు అలాగే ఉండిపోయాను. చూపు లేకపోయినా చేశాను అనిపించింది, చెబితే నమ్మరు, ఏడుపొచ్చింది.

* * *

తోకచుక్కని జనానికి చూపించే రోజుకి ఇంకా పది రోజులుంది. మైదానంలో టెలిస్కోపుకి యంత్రాన్ని బిగించి పరీక్ష పెట్టారు. చూసే గాజులో అడ్డంగా నిలువుగా రెండు సన్నని గీతలు, వాటి పక్కన కొలత గుర్తులు ఉన్నాయి. గీతలు కలిసే చోట ఒక చుక్కని పెట్టి బరువు వదిలారు. యంత్రం గుర్రుమంటూ తిరిగింది. వినడానికి ఎంత బాగుందో. లైన్‌మాన్ చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ అందరికీ టీ పోసింది.

గంట తర్వాత అమ్మాయి వంగి చూసింది. లేవలేదు. ఇంకోసారి చూసింది.

"జరిగింది" అంది.

మాస్టారు చూశాడు. "అవును, పడమటికి జరిగింది. యంత్రం వెనకబడుతోంది." నిలబెట్టిన కాళ్ళు సరిచూశారు, బిగింపులు సరిచూశారు. మళ్ళీ మొదటినుంచి పెట్టి ఇంకో గంట ఆగారు. మళ్ళీ అంతే జరిగింది.

"బాబాయ్ గారి పనిలో తప్పుండదు. ఎక్కడో మనమే..." అన్నాడు లైన్‌మాన్. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

మాస్టారు ఎర్ర టార్చి వేసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని లెక్కలు మొదలుపెట్టాడు. అమ్మాయి పుస్తకం తీసింది. రాస్తూ పైకి చదవడం దానికి అలవాటు. "యంత్రం వెనకబడుతోంది. రెండుసార్లు పరీక్షించాం. కారణం తెలియదు."

పాత ఇత్తడి, చలికి బిగుసుకుని ఉంటుంది అనే మాట నా నాలుక కొస మీద తయారుగా ఉంది. అంటే అందరూ నమ్మేవాళ్ళు. కానీ తొమ్మిది రోజులు గుడ్డిగా లెక్కపెట్టినవాణ్ణి నేను, తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు కదా. గంటు నా వేలికి తగలలేదు, తగిలిందనుకున్నాను. పక్కవాళ్ళు బ్రహ్మాండం అన్నట్టు, నాకు నేనే బ్రహ్మాండం అనుకున్నాను.

"కారణం తెలియదని రాయకు" అన్నాను. "నాకు తెలుసు. నాకు కళ్ళు కనబడవు."

అమ్మాయి పెన్ను ఆగింది.

"అంటే పూర్తిగా కాదు. సూటిగా చూసేది ఏదీ కనబడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎడమది పోయిందట. ఈ యంత్రం నేను తడుముకుంటూ చేశాను. ఎక్కడో తప్పు తడిమాను. శనిగ్రహం కూడా నేను చూడలేదు."

యంత్రం ఒక్కటే తిరుగుతోంది. అమ్మాయి ముఖం చూద్దామంటే ముఖం ఉన్న చోట మరక ఉంది.

మా ఆవిడ ముందు మాట్లాడింది, చాలా మామూలుగా. "గ్లాసు ఇస్తే గ్లాసుకి పక్కన చూసి అందుకుంటున్నారు. ఆర్నెల్ల నుంచి. మీరే చెబుతారని చూస్తున్నాను."

"అడగొచ్చుగా?"

"అడిగితే మీరు కరుస్తారు."

అప్పుడు మాస్టారు కాగితం మీంచి తలెత్తాడు. ఆయన ఇదేదీ విన్నట్టు లేదు. "గంటకి పది సెకన్లు" అన్నాడు. "రెండుసార్లూ కచ్చితంగా గంటకి పది సెకన్లే వెనకబడింది. ఇరవై నాలుగు గంటలకి రెండువందల నలభై సెకన్లు. అంటే రోజుకి..."

అమ్మాయి చటుక్కున ఆయన వైపు తిరిగింది. "నాలుగు నిమిషాలు."

"నాలుగు నిమిషాలు" అని మాస్టారు నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వగా వినడం నాకదే మొదలు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అయ్యా, మీరు దేని ప్రకారం వేగం కట్టారు?"

"ఇంకా దేని ప్రకారం, గడియారం ప్రకారం. ఇరవై నాలుగు గంటలు."

"అదీ సంగతి. మీ గడియారం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. చుక్కలకి రోజు నాలుగు నిమిషాలు తక్కువ. అందుకే ప్రతి చుక్కా రోజూ నాలుగు నిమిషాలు ముందు లేస్తుంది. మాకు ఇది అ ఆలతో సమానం, అందుకే మీకు చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. మీ యంత్రంలో తప్పు లేదు. మీరు కట్టిన గంట సరిగ్గా గంటే. అంత కచ్చితంగా ఎలా చేశారండీ, చూపు... " అని అప్పటికి ఆగాడు. నా చూపు సంగతి చెవిలో పడే ఉంటుంది, బుర్రలోకి వెళ్ళేసరికి అంతసేపు పట్టింది.

లైన్‌మాన్ ముందు నవ్వాడు, తర్వాత మా ఆవిడ, తర్వాత నేను. నేను చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. లేని తప్పుకి ఉన్న తప్పు ఒప్పుకున్న మొనగాణ్ణి నేను.

అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"కాగితం ఎక్కడ పెట్టావు నాన్నా?"

చెప్పాను. తాళంచెవి తీసుకుంది. ముగ్గురం దుకాణానికి నడిచాం. గోడ గడియారం తలుపు తనే తీసి, లోలకాన్ని ఆపి, వెనకనుంచి కాగితం లాగింది. ఆ గడియారం ఆగడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. అమ్మాయి పైనుంచి కిందిదాకా చదివి, తారీఖు చూసి, నా స్టూలు మీద కూలబడింది.

"రెండు నెలలు. ఆలస్యం చేయొద్దని కింద గీత గీసి రాశారు. రెండు నెలలు నువ్వు నా కోసం ఇత్తడి తోముతూ కూర్చున్నావు."

"తోకచుక్క కోసం కదా అమ్మా."

"తోకచుక్క పోతే ఇంకోటి వస్తుంది నాన్నా" అంది. దానికి పదేళ్ళప్పుడు చెయ్యి విరిగినా ఏడవలేదు, ఆ రోజు ఏడ్చింది. నేను బల్ల మీదున్న స్క్రూడ్రైవర్లని వరస మారుస్తూ నిలబడ్డాను. మా ఆవిడ లోలకాన్ని వేలితో తోసి గడియారాన్ని మళ్ళీ నడిపించింది.

* * *

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ నన్ను చీవాట్లు పెడుతుంటే మా ఆడవాళ్ళిద్దరూ అటూ ఇటూ నిలబడి విన్నారు, ఒక్కరూ నా పక్షం మాట్లాడలేదు. కంట్లో సూది అంటే ఏమో అనుకున్నాను. మత్తుమందు చుక్కలు వేశాక చీమ కుట్టినంత కూడా లేదు. అంతకంటే ఆ రెండు నెలల భయమే ఎక్కువ నొప్పి పెట్టింది. "మధ్యలో పోయినంత మేరకు పోయింది" అందావిడ. "మిగిలింది నిలబెడదాం. నెల నెలా రావాలి. ఎగ్గొడితే మీ అమ్మాయికి ఫోన్ చేస్తాను."

తర్వాతి వారం యంత్రం వేగం మార్చాను. పన్నెండు చుట్లకి గంట తక్కువ పది సెకన్లు. మా ఆవిడ పక్కన కూర్చుని టైము చెప్పింది, నేను గంటు తడిమాను. కావాలని ఒక గడియారాన్ని తప్పు నడిపించడం జీవితంలో అదే మొదలు.

తోకచుక్క సాయంత్రం మూడువందల మంది వచ్చారు. పేపర్లో ఆకాశం సగం పట్టేంత తోక బొమ్మ వేశారు. తీరా టెలిస్కోపులో ఉన్నది బూడిద రంగు మసక, గాజు మీద ఊదిన ఆవిరంత. యంత్రం దాన్ని కదలకుండా పట్టుకుని నిలబడింది. కానీ వచ్చినవాళ్ళు వచ్చినట్టే "ఏం కనబడట్లేదండీ" అని లేచి వెళ్ళిపోతున్నారు. లైను గొణుగుతోంది. మా అమ్మాయి గొంతులో ఉత్సాహం తగ్గిపోవడం నాకు వినబడుతోంది.

"సూటిగా చూడకండి, కాస్త పక్కకి చూడండి" అని మాస్టారు ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. ఎవరికీ అర్థం కావడం లేదు. నేను దగ్గరికి వెళ్ళి అదేంటని అడిగాను.

"మన కంటి నడిమి భాగం వెలుతురు కోసం చేసిందండీ. చీకట్లో అది పనిచేయదు. మసక వస్తువును సూటిగా చూస్తే మాయమైపోతుంది. పక్కకి చూస్తే అంచులో కనబడుతుంది. ఎవరికైనా అంతే."

"ఎవరికైనానా?"

"అందరికీ."

"అయితే చీకటి పడ్డాక మీరందరూ నా పార్టీయే అన్నమాట" అన్నాను.

వంగాను. నేను సూటిగా చూడడం మానేసి ఆర్నెల్ల పైనే అయింది. గ్లాసుకి పక్కన, మనిషికి పక్కన, మెట్టుకి పక్కన చూడడం నాకు అలవాటైపోయింది. గాజు అంచున ఉన్న ఒక చుక్క మీద చూపు నిలిపి ఊరుకున్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా, ఎవరో తలుపు తీసుకుని గదిలోకి వచ్చినట్టు, మసక వచ్చింది. ఒక వైపు గుండ్రంగా, ఇంకోవైపు సన్నగా సాగి ఉంది.

"తోక పైకుంది" అన్నాను. "ఎడమకి వంగింది."

మాస్టారు నన్ను తోసేసినంత పని చేసి చూశాడు. "అవును, ఉంది" అన్నాడు.

స్టూలు తెప్పించుకుని టెలిస్కోపు పక్కన కూర్చున్నాను. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. "అంచున చుక్క కనబడిందా? దాన్నే చూడండి. తోకచుక్క సంగతి మర్చిపోండి. దాని కోసం ఆరాటపడితే రాదు." ఒక బస్సు కండక్టరమ్మ యూనిఫాంలోనే వచ్చింది. "ఏం లేదండీ ఇందులో" అంది. "టికెట్టు తీయనివాణ్ణి మీరు సూటిగా చూస్తూ పట్టుకుంటారా?" అన్నాను. "అయ్యో లేదండీ, ఇటు చూస్తూ అటు కనిపెడతాను" అని మళ్ళీ వంగింది. రెండు నిమిషాలు లేవలేదు. "అదిగో, వచ్చింది" అని గుసగుసగా అంది, గట్టిగా అంటే పోతుందేమో అన్నట్టు. ఆ సాయంత్రం వీధి దీపాలు మళ్ళీ వెలిగే వేళకి నా గొంతు పోయింది.

తోకచుక్క ఐదు వారాలు ఉంది. శనివారం శనివారానికీ మసకబారింది. దుకాణంలో ఇప్పుడు బోర్డు మార్చాం: గోడ గడియారాలు, అలారాలు, టవరు గడియారాలు మాత్రమే. చేతి వాచీలు పట్టుకొచ్చినవాళ్ళకి, "చిన్నవి నాకు కనబడవండీ" అని ఉన్నమాట చెబుతున్నాను. కొందరు మర్యాదగా పక్క దుకాణానికి వెళుతున్నారు. అది నేను అనుకున్నంత కష్టంగా లేదు. కుడి కన్నులో మరక అలాగే ఉంది, పెరగలేదు.

ఆఖరి శనివారం చలి తగ్గింది. మైదానంలో మేం ఐదుగురమే. మాస్టారు చూసి, "పోయింది" అన్నాడు. లైన్‌మాన్ చూశాడు. అమ్మాయి చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. ముగ్గురూ "కనబడలేదు" అని రాసి సంతకాలు పెట్టారు.

నేను వంగాను. రెండు నిమిషాలు గడిచాయి, మూడు గడిచాయి. నా కింద యంత్రం గుర్రుమంటూ ఉంది.

"ఉంది" అన్నాను.

మాస్టారు వెంటనే కాగితాలు తీశాడు. వాటిలో ఆయన ఆకాశపటం ఒకటి, దాని మీద ఆ రోజు తోకచుక్క ఎక్కడుండాలో గుర్తు పెట్టుకున్నాడు. నేను ఆ పటాన్ని చూడలేదు, చూసినా నాకు కనబడదు. "ఎక్కడుందో చెప్పండి" అన్నాడు పరీక్షలో అడిగినట్టు.

"జంటగా రెండు చుక్కలున్నాయి. వాటికి కింద, కాస్త కుడి పక్కన. మొన్నటిలో పావు వంతు కూడా లేదు."

ఎర్ర వెలుగులో పటాన్ని తలకిందులు చేసి పట్టుకున్నాడు, టెలిస్కోపులో అంతా తలకిందులే కదా. నేను చెప్పింది సరిగ్గా ఆయన గుర్తు మీదే పడింది. "రాయండి" అన్నాడు. అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి తీయకుండా నిలబడింది.

నా రాత ఇప్పుడు మా ఆవిడే రాస్తుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, టార్చి చంకలో ఇరికించుకుంది. "ఆగు, ముందు వెనక పేజీలకి వెళ్ళు, నా పేరున శనిగ్రహం ఉంటుంది చూడు" అన్నాను.

వెతికి, చదివింది. "వలయం చాలా బాగుంది."

"అది కొట్టేయి. కనబడలేదు అని రాయి."

కొట్టేసి, రాసి, సంతకానికి నా వేలిని కాగితం మీద సరైన చోట పెట్టింది. తర్వాత ఈ రోజు పేజీ తీసింది.

"తోకచుక్క కనబడింది అని రాయి. టైము వెయ్యి, ఏడూ నలభై."

"ఎవరి టైము, మీదా, చుక్కలదా?" అంది.

నవ్వుతూ అడుగుతోందో, నిజంగానే అడుగుతోందో గొంతులో తెలియలేదు. అందుకని ఆవిడ చెవి కమ్మ వైపు చూశాను. నవ్వుతోంది.